రెంటచింతల ఎండ నయమా? విశాఖ ఉక్క నయమా?

వేసవి వచ్చిందంటే ఇంటింటా ఒక తగాదా మొదలవుతుంది. నాన్నగారు ఫ్యాను అయిదులో పెట్టమంటారు. తాతయ్య రెండు చాలంటారు. అప్పుడే వంటింట్లోంచి వచ్చిన అమ్మ, "ఈ గది ఎంత హాయిగా ఉందో!" అంటుంది. గోడకున్న థర్మామీటరు మాత్రం అందరికీ ఒకే అంకె చూపిస్తూ ఉంటుంది: 33 డిగ్రీల సెంటీగ్రేడు.

ఈ తగాదాకు పెద్ద రూపం మే నెల పెళ్ళిళ్ళలో చూడవచ్చు. పల్నాటి నుంచి వచ్చిన చుట్టాలు విశాఖపట్నంలో పెళ్ళికి వెళతారు. చొక్కా వీపుకు అంటుకుపోయి, విసనకర్రతో విసురుకుంటూ "ఈ ఉక్కలో ఎలా బతుకుతున్నారండీ బావగారూ?" అంటారు. మరుసటేడు ఆ బావగారు రెంటచింతల వెళతారు. మధ్యాహ్నం గుమ్మం దాటి బయట కాలు పెట్టగానే కొలిమి ముందు నిలబడినట్టు ముఖాన సెగ కొడుతుంది. "మీరు మనుషులేనా?" అని ఆయన అడుగుతారు. రెండు ఊళ్ళవారికీ తమ వేసవే నయం అనిపిస్తుంది. నిజంగా ఏది నయం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి శాస్త్రజ్ఞులు వేడి గదుల్లో కూర్చున్నారు, గనుల్లోకి దిగారు, వందలమంది విద్యార్థులను గదుల్లో కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ఆ కథ తెలుసుకుందాం.

మూడు గిన్నెల ప్రయోగం

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. మూడు గిన్నెలు తీసుకోండి. మొదటి దానిలో కూజా నీళ్ళు, మూడవ దానిలో చేయి పట్టగల గోరువెచ్చని నీళ్ళు, మధ్య దానిలో మామూలు కుళాయి నీళ్ళు పోయండి. ఎడమ చెయ్యి చల్లనీళ్ళలో, కుడి చెయ్యి వేడినీళ్ళలో ఒక నిమిషం ఉంచి, తరువాత రెండు చేతులూ ఒకేసారి మధ్య గిన్నెలో పెట్టండి. ఎడమ చెయ్యి "వేడి!" అంటుంది. కుడి చెయ్యి "చల్లన!" అంటుంది. రెండు చేతులూ మీవే, నీళ్ళూ అవే. ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 1690లోనే ఈ విషయం గురించి రాశాడు.

మన చర్మం థర్మామీటరు కాదన్నమాట. అది కొలిచేది ఎంత వేడి ఉందని కాదు, వేడి ఎటు ప్రవహిస్తోంది, ఎంత వేగంగా ప్రవహిస్తోంది అని. చర్మంలో వేడిని పసిగట్టే నాడులు వేరు, చలిని పసిగట్టే నాడులు వేరు. వీటిలో ఒక రకం నాడుల మీద ఉండే ఒక ప్రోటీను సుమారు 43 డిగ్రీలు దాటగానే "కాలుతోంది" అని మెదడుకు వార్త పంపుతుంది. తమాషా ఏమిటంటే, మిరపకాయలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం తగిలినా అదే ప్రోటీను అదే వార్త పంపుతుంది. గుంటూరు మిరపకాయ బజ్జీ తిన్నవారికి నోరు 'మండడం' మాటవరసకు అన్నది కాదు. మెదడుకు అందే వార్త నిజంగా మంట వార్తే. ఈ ప్రోటీనును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి.

అయితే చర్మం పంపే వార్త ఒక్కటే మన ఇష్టాయిష్టాలను తేల్చదు. 1971లో మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక మంచి సంగతి వివరించాడు. ఒంట్లో వేడి పెరిగి ఉన్నవాడికి చల్లనీళ్ళలో చెయ్యి పెడితే ప్రాణం లేచివస్తుంది. ఒళ్ళు చల్లబడి ఉన్నవాడికి అవే నీళ్ళు బాధగా ఉంటాయి. శరీరం లోపల ఏది కొరతగా ఉందో అది హాయిగా తోస్తుంది. వంటింటి సెగలోంచి వచ్చిన అమ్మకు 33 డిగ్రీల గది హాయిగా ఉండడంలో వింతేమీ లేదు.

ఆరని పొయ్యి

మన శరీరం నిత్యం మండుతూ ఉండే పొయ్యి. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో కూడా దాదాపు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. ఇదివరకటి గుండ్రని దీపపు బల్బు వెలుతురుతో పాటు ఎంత సెగ ఇచ్చేదో గుర్తుందా? అంత అన్నమాట. పార పట్టి మట్టి తవ్వేవాడి ఒంట్లో పుట్టే వేడి దీనికి మూడు నాలుగు రెట్లు. ఈ వేడినంతా ఎప్పటికప్పుడు బయటికి పంపి, లోపలి ఉష్ణోగ్రతను 37 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. ఈ పని చూసే కార్యాలయం మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్.

వేడిని పంపే దారులు నాలుగు. తగిలిన వస్తువులకు వేడి పోతుంది. ఒంటిని ఒరుసుకుంటూ పోయే గాలి కొంత పట్టుకుపోతుంది. కిరణాల రూపంలో చుట్టూ ఉన్న గోడలకు, ఆకాశానికి కొంత పోతుంది. ఈ మూడూ పనిచేయాలంటే చుట్టుపక్కలవి చర్మం కంటే చల్లగా ఉండాలి. మన చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉంటుంది. గాలి 40 డిగ్రీలకు చేరిందంటే ఈ మూడు దారులూ ఎదురు తిరుగుతాయి. వేడి బయటికి పోవలసిందిపోయి లోపలికి వస్తుంది. ఇక మిగిలింది నాలుగో దారి: చెమట.

ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. దీనినే గుప్తోష్ణం అంటారని పాఠాల్లో చదివే ఉంటారు. ఆ వేడిని చెమట మన చర్మం నుంచి లాక్కుంటుంది. ఊరికే కూర్చున్నవాడు గంటకు గ్లాసెడు చెమట కంటే తక్కువే ఆవిరిచేసి తన 100 వాట్లను వదిలించుకోగలడు. మట్టి తవ్వేవాడికి గంటకు అర లీటరుపైనే కావాలి. ఎండ లోపలికి తోసే వేడిని కూడా లెక్కవేస్తే ఇంకా ఎక్కువ. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు. చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ముక్కు చివర నుంచి బొట్లు బొట్లుగా కారి నేలపాలైన చెమట, నీళ్ళూ ఉప్పూ పట్టుకుపోతుందే తప్ప వేడిని పట్టుకుపోదు.

వేడి గదిలో పెద్దమనుషులు

ఈ సంగతిని మొదట గట్టిగా రుజువు చేసినవారు లండను నగరంలోని కొందరు పెద్దమనుషులు. అది 1774. జార్జ్ ఫోర్డయిస్ అనే వైద్యుడు కొన్ని గదులను వేడిచేసే ఏర్పాటు చేసుకున్నాడు. చార్లెస్ బ్లాగ్డెన్ అనే మరో వైద్యుడు, కెప్టెన్ కుక్‌తో ప్రపంచం చుట్టివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ మొదలైనవారు ఆ గదుల్లోకి వెళ్ళి కూర్చునేవారు.

పొయ్యితో వేడిచేసిన పొడి గదిలో ఉష్ణోగ్రతను పెంచుకుంటూ పోయారు. చివరికి బ్లాగ్డెన్ 260 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే దాదాపు 127 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఎనిమిది నిమిషాలు నిలబడ్డాడు! నీరు మరిగే వేడికంటే ఎక్కువ. అదే గదిలో ఒక రేకుమీద పెట్టిన కోడిగుడ్లు ఇరవై నిమిషాల్లో గట్టిగా ఉడికిపోయాయి. మాంసం ముక్క వేగిపోయింది. మనిషి మాత్రం బాగానే ఉన్నాడు. వెంట తీసుకువెళ్ళిన కుక్క కూడా బతికింది. పాదాలు కాలకుండా దాన్ని ఒక బుట్టలో కూర్చోబెట్టారు. వాళ్ళు థర్మామీటరు మీద నోటితో ఊదితే పాదరసం దిగిపోయేది. ఊపిరి మనకు వెచ్చన. ఆ గదిలో అది చల్లగాలి!

ఇదే గదిలో వాళ్ళు ఇంకో పని చేశారు. మాంసం ముక్క మీదికి కొలిమితిత్తితో గాలి కొట్టారు. చల్లబడలేదు సరికదా, పదమూడు నిమిషాల్లో ఉడికింది. మన వడగాడ్పు చేసే పని అచ్చం ఇదే. చర్మం కంటే వేడిగా ఉన్న గాలి ఎంత జోరుగా వీస్తే అంత వేడిని మోసుకొచ్చి ఒంటికి అంటిస్తుంది. చర్మం తడిగా ఉన్నంతసేపు ఆ గాలే తడిని ఆరబెట్టి మేలు చేస్తుంది. తడి తువ్వాలు కప్పుకుని ఫ్యాను కింద కూర్చోవడానికీ, పొడి ఒంటితో 43 డిగ్రీల గాలికి ఎదురు నిలబడడానికీ అంత తేడా ఉంది.

తడి గదిలో ఏమయింది? ఫోర్డయిస్ నేలమీద మరిగే నీళ్ళు పోయించి, ఆవిరి నిండిన గదిలో కూర్చున్నాడు. అక్కడ వేడి 49 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే. పొడి గదిలో సగం కూడా లేదు. అయినా పావుగంటకే ఒళ్ళంతా ధారలు కట్టి, చాలా బాధపడ్డాడు. అంత చెమటా? ఆయనకు అనుమానం వచ్చింది. ఒక గాజు సీసాలో ఒంటి వేడితో సమానమైన నీళ్ళు నింపి అక్కడ పెట్టి చూశాడు. సీసా మీద కూడా ధారలు కారుతున్నాయి! సీసాకు చెమట పట్టదు కదా. గాలిలోని ఆవిరే వచ్చి, కాస్త చల్లగా ఉన్న ఒంటి మీద నీరుగా మారుతోంది. మారేటప్పుడు తన గుప్తోష్ణాన్ని మనిషికే అప్పజెబుతోంది. చెమట ఆరే దారి మూసుకుపోవడమే కాదు, ఆ దారిలోంచి వేడి వెనక్కి వస్తోందన్నమాట.

తడిగుడ్డ చెప్పే అంకె

నూట ముప్ఫయి ఏళ్ళ తరువాత జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక కొలత తెచ్చాడు. బొగ్గుగనుల్లో విషవాయువులను కనిపెట్టడానికి చిన్న పిట్టలను తీసుకువెళ్ళమని సలహా ఇచ్చినవాడు ఈయనే. ఈయన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ కూడా గొప్ప జీవశాస్త్రజ్ఞుడు. 1957లో మన దేశం వచ్చి, మన పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తండ్రి ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల్లోకి దిగి, టర్కీ స్నానపు గదుల్లో కూర్చుని, తన ఒంటి వేడిని తానే కొలుచుకుంటూ 1905లో ఒక వ్యాసం ప్రకటించాడు. మామూలు థర్మామీటరు చూపే అంకెను బట్టి మనిషి బాధను చెప్పలేమనీ, బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెను చూడాలనీ దాని సారాంశం.

తడిగుడ్డ అంటే చెమట పట్టిన ఒళ్ళే అనుకోండి. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు త్వరగా ఆవిరై పాదరసాన్ని బాగా దించుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే కొంచెమే దించుతుంది. మన కుండ చేసే పనీ ఇదే. కుండలో నీళ్ళు పల్నాటిలో చల్లగా ఉన్నంతగా సముద్రపు ఒడ్డున ఉండవు. తలుపుకు కట్టిన వట్టివేళ్ళ తడికలు, గడ్డి కూలర్లు హైదరాబాదులో బాగా పనిచేసి విశాఖలో చతికిలబడడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు మన రెండు ఊళ్ళ పందెం చూద్దాం. రెంటచింతలలో ఒక మధ్యాహ్నం 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. తడి బల్బు సుమారు 25 డిగ్రీలు చూపిస్తుంది. అదే వేళకు విశాఖలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకోండి. తడి బల్బు 30 డిగ్రీలు! పత్రికలో వేసే అంకె ప్రకారం విశాఖ ఎనిమిది డిగ్రీలు చల్లన. చెమట లెక్క ప్రకారం అయిదు డిగ్రీలు వేడి. బావగార్లిద్దరి మాటా నిజమే.

మన వాతావరణ శాఖ కూడా ఈ తేడాను గుర్తించింది. మైదాన ప్రాంతాల్లో పగటి వేడి కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వడగాడ్పు మాట ఎత్తుతుంది. సముద్రతీరంలో 37 డిగ్రీలు చాలు. (మామూలు కంటే ఎంత పెరిగిందన్నది కూడా చూస్తారు.) తీరంలో ఉన్నవారికి మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలి పెద్ద దిక్కు. పడమటి నుంచి వేడిగాలి జోరుగా వీచి ఆ సముద్రపు గాలిని ఒడ్డుకు రానివ్వని రోజుల్లో తీరప్రాంతపు ఊళ్ళు కూడా మాడిపోతాయి.

అలాగని పొడి ఎండ మంచిదని తీర్పు చెప్పేయకండి. దానిది దొంగదెబ్బ. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కనుక ఎంత నీరు పోయిందో మనకు తెలియదు. ఉక్కలో చొక్కా తడిసి సాక్ష్యం చెబుతుంది. పొడి ఎండలో చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు తప్ప ఏమీ మిగలదు. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే శరీరం కొంత వెనకబడి ఉంటుంది. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి తాగమని పెద్దలు చెప్పేది పోయిన నీటితో పాటు పోయిన ఉప్పును కూడా తిరిగి చేర్చడానికే. జేబులో ఉల్లిపాయ వేసుకుని వెళితే వడదెబ్బ తగలదన్న నమ్మకం మాత్రం ఎందుకు పుట్టిందో గాని, జేబులోని ఉల్లిపాయ ఒంటి వేడిని ఒక్క కేలరీ కూడా తగ్గించలేదు. దాన్ని మజ్జిగలోకి నంజుకోవడం మేలు.

అలవాటు పడడం అంటే ఏమిటి?

"మాకు అలవాటేలెండి" అంటారు కదా రెంటచింతలవారు. ఇది మనసుకు చెప్పుకునే ఓదార్పు మాత్రమే కాదు. రోజూ కొంతసేపు వేడిలో పనిచేస్తే వారం నుంచి రెండు వారాల్లో శరీరంలో మార్పులు వస్తాయి. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. గుండె వేగం తగ్గుతుంది. ఇదివరకటికంటే ముందుగానే, ఎక్కువగా చెమట పట్టడం మొదలవుతుంది. ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. శరీరం ఉప్పును పొదుపు చేయడం నేర్చుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని లోతైన బంగారు గనుల్లో పనివారు వడదెబ్బతో చనిపోతూ ఉంటే, 1930ల నుంచి కొత్తవారికి కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా వేడిలో పని అలవాటు చేసే పద్ధతి తెచ్చారు.

కాని ఈ అలవాటు బ్యాంకులో వేసిన డబ్బు కాదు. వేడికి దూరంగా కొన్ని వారాలుంటే కరిగిపోతుంది. అందుకనే రోహిణి కార్తె ఎండకంటే ఒక్కొక్కప్పుడు వేసవి మొదట్లో హఠాత్తుగా వచ్చే వడగాడ్పు ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. ఏడాది పొడవునా చల్లని గదిలో కూర్చునేవారు ఒక మధ్యాహ్నం ఎండలో పడితే కొత్తవారితో సమానమే.

ఇంకొక అలవాటు ఉంది. అది మనం ఊయలలో ఉండగానే పడుతుంది. జపాను శాస్త్రజ్ఞుడు యాస్ కూనో ఏళ్ళ తరబడి చెమట మీదే పరిశోధన చేశాడు. (ఎవరి పిచ్చి వారికానందం అనకండి, ఆయన రాసిన పుస్తకాన్ని వైద్యులు ఎంతో గౌరవిస్తారు.) మనిషి చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ పనిచేయవు. మొదటి రెండు రెండున్నర ఏళ్ళలో పసిపిల్లవాడు ఎంత వేడిని చూస్తే అన్ని గ్రంథులు పనిలోకి వస్తాయని కూనో కనుగొన్నాడు. ఉష్ణదేశంలో పుట్టి పెరిగిన జపాను వారికి పనిచేసే స్వేదగ్రంథులు ఎక్కువ. పెద్దయ్యాక అక్కడికి వెళ్ళిన జపాను వారికి మాత్రం స్వదేశంలో ఉన్నవారికి ఉన్నన్నే.

వందలో అయిదుగురు

సరే, మనిషికి ఏ వేడి హాయి? డెన్మార్కు ఇంజనీరు ఓలే ఫాంగర్ దీన్ని లెక్కతో తేల్చాలనుకున్నాడు. ఉష్ణోగ్రత, తేమ, గాలి అన్నీ అదుపులో ఉన్న గదుల్లో విద్యార్థులను కూర్చోబెట్టి, "బాగా చలి" నుంచి "బాగా వేడి" దాకా ఏడు మెట్లలో ఏదో ఒకటి చెప్పమన్నారు. ఆ జవాబులతో ఆయన కట్టిన సూత్రం 1970లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచంలోని ఏసీ భవనాలు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. అందులో నాకు నచ్చిన అంకె ఒకటుంది. గదిని ఎంత చక్కగా అమర్చినా వందలో కనీసం అయిదుగురు "బాగాలేదు" అంటారట! అందరికీ నచ్చే ఉష్ణోగ్రత అనేది లేనేలేదు.

కాని చలిదేశపు విద్యార్థుల జవాబులు మనకు సరిపోతాయా? లండను ప్రాంతంలో వరుసగా మూడు రోజులు 28 డిగ్రీలు దాటితే వడగాడ్పు అంటారు. మన ఊళ్ళలో 18 డిగ్రీలకు మంకీ టోపీలు బయటికి వస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో ఎం. ఆర్. శర్మ, షరాఫత్ అలీ అనే శాస్త్రజ్ఞులు మూడు వేసవులపాటు మన దేశస్థులనే అడిగి చూసి 1986లో ఒక సూచిక ప్రకటించారు. దాని పేరు ఉష్ణమండల వేసవి సూచిక. మనవారికి 25 నుంచి 30 దాకా హాయి, అన్నిటికంటే 27.5 హాయి అని తేలింది. తరువాత ఇంద్రగంటి మాధవి 2008లో హైదరాబాదు అపార్టుమెంట్లలో ఉండే వందమందికి పైగా మనుషులను వారి ఇళ్ళలోనే, వారి బట్టల్లోనే, వారి ఫ్యాన్ల కిందే అడిగారు. వారికి చలీ వేడీ కాని ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటి ఉంది. 32 డిగ్రీల పైదాకా కూడా సర్దుకోగలిగారు. అప్పటి భవన నియమాల్లో రాసుకున్నది 23 నుంచి 26 దాకా! అక్కరలేని చలి కోసం ఎంత కరెంటు తగలేస్తున్నామో ఆలోచించండి.

వయసు కూడా ఒక కారణమే. ముసలితనంలో ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది. గాలి తగిలితే చలేస్తుంది. అదే సమయంలో చెమట పట్టడం, దాహం వేయడం కూడా మందగిస్తాయి. తాతయ్యకు ఉక్కగా లేదంటే ఆయన ఒంట్లో వేడి పెరగడంలేదని అర్థం కాదు. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో వచ్చిన వడగాడ్పుకు సుమారు 15,000 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు. అక్కడి వేడి 40 డిగ్రీల దగ్గరే. మనకు అది ఏప్రిల్ నెల ఎండ. కాని వారి శరీరాలకు అలవాటు లేదు. వేడిని లోపలే దాచుకునేలా కట్టిన ఇళ్ళు రాత్రులు కూడా చల్లబడలేదు.

ఇష్టం పనికిరాని చోటు

అలవాటుకూ ఒక హద్దుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా, తెలంగాణలో అయిదువందలమందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. పుట్టినప్పటి నుంచీ ఈ ఎండలోనే ఉన్నవారు. వారిలో చాలామంది కూలీలు, వృద్ధులు. తడి బల్బు 35 డిగ్రీలకు చేరితే, నీడలో నీళ్ళు తాగుతూ ఊరికే కూర్చున్నవాడి ఒళ్ళు కూడా చల్లబడే దారి లేదని 2010లో లెక్కగట్టారు. పాకిస్తాన్‌లోని జాకొబాబాద్, గల్ఫ్ తీరంలోని రాస్ అల్ ఖైమా ఇప్పటికే కొన్ని గంటలపాటు ఆ గీతను తాకాయి. కడప, కరీంనగర్ జిల్లాల నుంచి పనికి వెళ్ళిన మనవారు ఎందరో ఉన్న ప్రాంతం అది; వేసవి నెలల్లో మధ్యాహ్నం వేళ బయటి పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వాలు చట్టాలు చేశాయి.

2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువకులను, యువతులను వేడి గదుల్లో ఉంచి తేలికపాటి కదలికలు చేయించి చూశారు. ఉక్క గదిలో తడి బల్బు 31 డిగ్రీల దగ్గరే వారి ఒంటి వేడి అదుపు తప్పింది. పొడి వేడిలో ఇంకా తక్కువకే, 25 నుంచి 28 మధ్యలోనే తప్పింది. అక్కడ గాలి లోపలికి తోసే వేడికి సరిపడా చెమట పుట్టించలేక గ్రంథులే ఓడిపోయాయి. ఇక్కడ ఒక చిత్రం చూడండి. గాలి కదలని చోట నడుముపైన బట్ట లేకుండా కూర్చున్న మనిషికి హద్దు ఎంతని హాల్డేన్ 1905లో చెప్పాడో తెలుసా? సుమారు 31 డిగ్రీలే!

హద్దు దాటితే లోపలి వేడి 40 డిగ్రీలు మించుతుంది. మనిషి తడబడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, స్పృహ తప్పుతాడు. అదే వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోను చేసి, వాళ్ళు వచ్చేదాకా తడుపుతూనే ఉండాలి.

మీరూ కొలవండి

పైన చెప్పిన వేసవి సూచికలో మంచి గుణం ఏమిటంటే దాన్ని మీరే లెక్కవేయవచ్చు. ఒకే రకం గది థర్మామీటర్లు రెండు సంపాదించండి. ఒకదాని బల్బుకు పలచని నూలుగుడ్డ చుట్టి, దాని కొసను నీళ్ళగిన్నెలో వేలాడదీయండి. బల్బు నీళ్ళలో మునగకూడదు. కాసేపు విసనకర్రతో విసిరి అంకె చూడండి. అది తడి బల్బు. రెండోది పొడి బల్బు. (శాస్త్రజ్ఞులు నల్లరంగు పూసిన గోళంలో థర్మామీటరు పెట్టి గోడల సెగను కూడా కొలుస్తారు, ఎండ పడని గదిలో మనకు పొడి బల్బుతో పని జరుగుతుంది.) తడి బల్బు అంకెలో మూడోవంతు, పొడి బల్బు అంకెలో ముప్పాతిక కలపండి. అందులోంచి గాలి వేగపు వర్గమూలానికి రెట్టింపు తీసివేయండి. గాలి వేగం సెకనుకు మీటర్లలో.

ఉదాహరణకు తడి బల్బు 24, పొడి బల్బు 36 ఉన్నాయనుకోండి. 8 + 27 = 35. గాలి సెకనుకు పావు మీటరు వేగంతో కదులుతుంటే ఒక డిగ్రీ తగ్గి 34 అవుతుంది. ఒక మీటరు వేగంతో వీస్తే రెండు డిగ్రీలు తగ్గి 33. గాలిని నాలుగు రెట్లు పెంచితే హాయి రెండు రెట్లే పెరుగుతుంది, గమనించారా?

ఈ వేసవి సెలవుల్లో ఒక పుస్తకంలో గళ్ళు గీసి, రోజూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి సూచిక లెక్కవేసి రాయండి. పక్కన ఇంట్లోవారందరి జవాబులూ ఏడు మెట్లలో రాయండి: బాగా చలి, చలి, కొంచెం చలి, సరిగ్గా ఉంది, కొంచెం వేడి, వేడి, బాగా వేడి. ఎవరు ఏం పని చేసి వచ్చారో కూడా మరచిపోకుండా రాయాలి. అంకెలు ముందు చూపించి జవాబు అడగకండి. అంకె చూసినవారికి వేడి ఎక్కువగా తోస్తుంది. నెల తిరిగాక మొదటి వారపు జవాబులను చివరి వారపు జవాబులతో పోల్చి చూడండి. "సరిగ్గా ఉంది" అన్న మాట మొదట ఏ అంకె పక్కన ఉందో, చివరికి ఏ అంకె పక్కకు జరిగిందో మీకే కనిపిస్తుంది.